నర్సింహ కలిపిన నీళ్లు

సంతోషకుమారి ఆ మెయిల్ చూసేసరికి సూపర్‌మార్కెట్ బేకరీలో మఫిన్ల ట్రేలు తుడుస్తోంది. గ్లవ్స్ తీసి, కళ్లజోడు పైకి జరుపుకుని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవాల్సిన పని లేకపోయింది, అప్పటికే నవ్వు వచ్చేసింది.

ఊళ్లోని పిల్లల సైన్స్ సెంటర్ వాళ్లు రాశారు. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి మీ అప్లికేషన్ మొదటి వడపోతలో నిలిచింది, మరో పదకొండు రోజుల్లో, మంగళవారం ఉదయం వచ్చి పన్నెండు నిమిషాల డెమో ఇవ్వండి అన్నారు. అంశం నీటి విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటు పెట్టి నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టడం. షరతులు రెండే. వాడే ప్రతి వస్తువూ మామూలు షాపుల్లో దొరకాలి. పదేళ్ల పిల్ల ఇంటికెళ్లి వంటింటి బల్ల మీద అమ్మానాన్నలతో కలిసి అదే ప్రయోగం చేసుకున్నా ఎవరికీ ఏమీ కాకూడదు.

చేపపిల్లకి ఈత పరీక్ష పెడుతున్నారనుకుంది సంతోషకుమారి. అనుకోదూ మరి! ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదిహేనేళ్లు కెమిస్ట్రీ లెక్చరరుగా చేసిన మనిషి. ఆవిడ ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూడా ఎవడూ కునుకు తీసేవాడు కాదు. అలాంటి మనిషి కెనడాలోని ఈ ఒంటారియో లండన్‌కి వచ్చి నాలుగేళ్లుగా మఫిన్లు సర్దుతోంది. ఎన్ని ఉద్యోగాలకి అప్లై చేసినా ఒకటే పాట, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదని. మంగళవారం సవ్యంగా జరిగితే మళ్లీ టీచరవుతుంది. లేకపోతే బేకరీయే గతి. ఈ సంగతి ఆమెకి తెలుసు, ఇంట్లో వాళ్లకి తెలుసు, ఆదివారం తెలుగు ఫెలోషిప్పులో ప్రార్థన మనవిగా చెప్పుకుంది కాబట్టి ఊళ్లో సగం మంది తెలుగువాళ్లకీ తెలుసు.

వట్టి నీళ్లలోంచి, అందులోనూ శుద్ధమైన నీళ్లలోంచి, కరెంటు సరిగ్గా పోదు. ఏదో ఒకటి కలపాలి. ఆ కలిపేదాన్నే ఎలక్ట్రొలైట్ అంటారు. ఏం కలపాలి అని కాలేజీలో ఎవరైనా అడిగితే ఆమె బోర్డు వైపు తిరక్కుండానే జవాబు చెప్పేది, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం అని. పదేళ్ల పిల్లల చేతికి సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇవ్వలేం గనక దాని బదులు వంటింటి అలమరలోంచి ఇంకోటి ఎంచాలి. ఇంతోటి దానికి భయమెందుకు, నల్లేరు మీద బండి నడక అనుకుంది.

ఆమె భర్త ఎలియాజరు నర్సాపురం మనిషి, ఇక్కడొక కేర్ హోంలో ముసలివాళ్లని చూసుకుంటాడు. ప్రపంచంలో ఏ విషయం మీదైనా సలహా ఇవ్వడానికి వెనకాడడు.

"ఉప్పుండగా ఇంత ఆలోచన దేనికి?" అన్నాడు.

"ఉప్పు పనికిరాదండీ."

"ఎందుకు పనికిరాదు? సముద్రంలో కరెంటు పోదా?"

"పోతుంది. కానీ పనికిరాదు. చెప్తే మీకు అర్థం కాదు."

మొగుడితో ఏ మాట అనకూడదో సరిగ్గా ఆ మాటే అంది. మర్నాడు ఎలియాజరుకి సెలవు. ఆమె అటు డ్యూటీకి వెళ్లగానే ఇతను గాజు గిన్నెలో గుప్పెడు కల్లుప్పు పోసి నీళ్లు కలిపాడు. రెండు స్టీలు చెంచాలకి తీగలు చుట్టి తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తగిలించాడు. బుడగలు బ్రహ్మాండంగా వచ్చాయి. తన తెలివికి తనే మురిసిపోయి కాఫీ పెట్టుకుని హాల్లో కూర్చున్నాడు.

సాయంత్రం సంతోషకుమారి తలుపు తీసేసరికి ఇల్లంతా ఈతకొలను వాసన. పదిహేనేళ్ల కూతురు జెస్లిన్ ఆ వాసన భరించలేక చలికోటు వేసుకుని బయట మెట్ల మీద కూర్చుని ఉంది. గిన్నెలో నీళ్లు పచ్చకీ గోధుమరంగుకీ మధ్యలో ఏదో రంగుకి తిరిగాయి. ఒక చెంచా అంచంతా కొరికేసినట్టు గుంటలు పడింది.

"ప్రభువా! ముందు కిటికీలు తియ్యండి!"

బయట మార్చి నెల మంచు. కిటికీలన్నీ తెరుచుకుని, కోట్లు వేసుకుని, ముగ్గురూ హాల్లో నిలబడ్డాక అప్పుడు చెప్పింది. ఉప్పు కలిపితే ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ వాయువు కూడా వస్తుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. స్టీల్లో ఉన్న క్రోమియం కరిగి నీళ్లలోకి దిగుతుంది, అది ఒంటికి విషం.

"మన ఇంట్లో స్టీలు కాక ఇంకేం ఉందే?" అన్నాడు ఎలియాజరు దిగులుగా. ఆ మాటా నిజమే. తెలుగు వాళ్ల ఇంట్లో చెంచా అంటే స్టీలు చెంచాయే. ఆ నీళ్లని సింకులో పొయ్యనివ్వకుండా మూతున్న సీసాలో పోసి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే మునిసిపాలిటీ వాళ్ల డిపోలో ఇచ్చి రమ్మని పంపింది. వెళుతూ ఎలియాజరు కిక్కురుమనలేదు. ఉప్పు ఎందుకు పనికిరాదో తనకి తెలుసు కదా అని సంతోషకుమారికి మాత్రం లోలోపల కొంచెం గర్వంగానే ఉంది.

బుధవారం తన ప్రయోగం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ డబ్బా అడుగున రెండు చిల్లులు పెట్టి, రెండు కొసలా చెక్కిన పెన్సిళ్లు గుచ్చి, నీరు కారకుండా జిగురు పోసింది. స్టీలు బదులు పెన్సిల్లోని గ్రాఫైట్. పిల్లలకి జ్వరం మందు పట్టే ప్లాస్టిక్ సిరంజీలు రెండు కొని, కొసలు మూసి, నీళ్లతో నింపి ఒక్కో పెన్సిలు మీద ఒక్కోటి బోర్లించింది. వచ్చిన వాయువు పైకి చేరుతుంది, ఎంత చేరిందో సిరంజీ మీది గీతలే చెబుతాయి. జెస్లిన్ కూడా "దట్స్ క్లెవర్, మామ్" అంది. ఇక ఎలక్ట్రొలైట్. వంటసోడా కన్నా సాధువైనది ఇంట్లో ఇంకోటి లేదు. చిటికెడు తీసి వేసింది, బజ్జీల పిండిలో వేసేటంత.

బ్యాటరీ తగిలించింది. నాలుగు బుడగలు లేచాయి. కాసేపటికి ఇంకో నాలుగు. పన్నెండు నిమిషాలు గడిచేసరికి సిరంజీలో అర మిల్లీలీటరు కూడా చేరలేదు. అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే హైడ్రోజన్ టప్పుమని పేలాలి. పేలడం మాట దేవుడెరుగు, అగ్గిపుల్లే తడిసి ఆరిపోయింది.

బ్యాటరీ పాతదై ఉంటుందని కొత్తది తెచ్చింది. అదే వరస. గురువారం వెనిగర్ పోసింది. ఇల్లు ఊరగాయ జాడీ వాసన వేసిందే గానీ బుడగలు పెరగలేదు. శుక్రవారం నిమ్మకాయలు పిండింది. అరడజను నిమ్మకాయలు పోయాయి, ఎలియాజరు వాటితో పులిహోర అయినా అయ్యేది కదా అన్నాడు. ఆమె చూసిన చూపుకి మళ్లీ ఏమీ అనలేదు.

బల్ల అవతల హోంవర్క్ చేసుకుంటున్న జెస్లిన్ తల ఎత్తి అడిగింది. "మామ్, హావ్ యూ ఎవర్ యాక్చువల్లీ డన్ దిస్?"

"ఏం మాటే అది? పదిహేనేళ్లు చేశాను."

"నో, ఐ మీన్ యూ. యువర్ హ్యాండ్స్."

పిల్ల వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందుకే సంతోషకుమారికి ఆ మాట సూటిగా గుండెలో దిగింది.

ఎందుకంటే ఆ కాలేజీలో పద్ధతి వేరు. లెక్చరరు మేడమ్ గంట కొట్టాక వస్తుంది. అప్పటికే బల్ల మీద అన్నీ సిద్ధంగా ఉంటాయి. రెండు గాజు గొట్టాల పెద్ద పరికరం కడిగి, తుడిచి, ద్రావణం నింపి, తీగలు బిగించి పెట్టి ఉంటాయి. పెట్టేవాడు ల్యాబ్ అటెండరు నర్సింహ. మేడమ్ పాఠం చెబుతుంది, బోర్డు మీద సమీకరణం రాస్తుంది, ఆఖర్న చీర కుచ్చిళ్లు తడవకుండా రెండడుగులు దూరంగా నిలబడి స్విచ్చి వేస్తుంది. బుడగలు వస్తాయి. పిల్లలు చప్పట్లు కొడతారు. పీరియడ్ అయిపోగానే మేడమ్ స్టాఫ్‌రూంకి వెళ్లిపోతుంది, నర్సింహ వచ్చి అన్నీ తీసి కడుగుతాడు. అది ఆమె ఒక్కదాని తప్పు కాదు, అక్కడ అందరూ అంతే. ప్రిన్సిపాలు కూడా అంతే. మేడమ్ స్వయంగా గ్లాసు కడిగితే నర్సింహే నొచ్చుకునేవాడు. అయినా ఎంత నీళ్లకి ఎంత కలపాలో పదిహేనేళ్లలో ఒక్కసారైనా చెంచాతో కొలిచి చూడలేదన్నది ఇప్పుడు వంటింటి బల్ల దగ్గర నిలబడితే తెలిసొచ్చింది. సిగ్గేసింది ఆమెకి. కూతురి మొహం చూడలేక సింకు వైపు తిరిగింది.

శనివారం ఉదయం తొమ్మిదికి, అంటే ఖమ్మంలో చీకటి పడే వేళకి, పాత స్టూడెంట్ వర్షిణి దగ్గర నంబరు సంపాదించి నర్సింహకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసింది. అతను రిటైరై రెండేళ్లయింది. ఆమె కన్నా తొమ్మిదేళ్లు పెద్ద. తెల్లబడ్డ మీసం, అదే నవ్వు, వెనక మంచం మీద మనవలు గెంతుతున్నారు.

"మేడం! మంచిగున్నరా? కెనడల సలి బాగున్నదట గద?"

కుశలప్రశ్నలు అయ్యాయి. వర్షిణికి పెళ్లయిన సంగతీ, కాలేజీ కొత్త బిల్డింగు సంగతీ అయ్యాయి. అప్పుడు అసలు సంగతి అడిగింది. "నర్సింహా, ఎలక్ట్రాలిసిస్‌కి లీటరు నీళ్లకి ఎంత యాసిడ్ కలిపేవాడివి నువ్వు? వట్టి కొలత చెప్పు చాలు. ఇక్కడ యాసిడ్ వాడను. ఎంత బలం ఉంటే బుడగలు బాగా వచ్చేవో దాన్ని బట్టి నా లెక్క నేను వేసుకుంటాను."

 అవతల నర్సింహ ఫోను పట్టుకుని లేచి బయట అరుగు మీదికి వచ్చాడు.

"మేడం, ఒకటి చెప్తె కోపం జెయ్యరు గద?"

"చెప్పు."

"యాసిడ్ నేను ఎప్పుడో బంద్ వెట్టిన."

"బంద్ పెట్టడమేంటి?"

"మీరు జెస్లిన్ పాప పుట్టిందని లీవుల ఉన్నప్పుడు. యాసిడ్ డబ్బ మూత తీస్తుంటె జారి గీ చెయ్యి మీద పడ్డది." చొక్కా చెయ్యి పైకి లాగి కెమెరా ముందు పెట్టాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. "దవాఖానల ఇరవై రోజులున్న. మళ్లొచ్చినంక అనుకున్న, నాకంటె అయ్యింది, రేపు గీ పోరగాండ్ల మీద పడితె? గందుకే బట్టల సోడా కలిపిన. కిరాణం దుకాణంల దొరుకుతది గద, గదే. లీటరుకు అయిదు చెంచాలు, కాగబెట్టి సల్లార్చిన నీళ్లల్ల. బుడగలు గంతే మంచిగొచ్చినయి. ఒక దిక్కు రెండు వంతులు, ఒక దిక్కు ఒక వంతు, లెక్క తప్పలే."

సంతోషకుమారి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. పదకొండేళ్లు! పదకొండు బ్యాచులకి బోర్డు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం అని రాసి, కింద రెండు గీతలు కొట్టి మరీ చెప్పింది. పిల్లలంతా అదే రాసుకుని మార్కులు తెచ్చుకున్నారు. బల్ల మీద ఉన్నదేమో బట్టల సోడా.

"నాకెందుకు చెప్పలేదు?" గొంతు పెరిగింది ఆమెకి.

"చెప్దామని రెండుసార్లు వచ్చిన మేడం. మీరు పేపర్లు దిద్దుతున్నరు. ఇంకోసారి ప్రిన్సిపాల్ సారు ఉండె. అటెండరు పుస్తకం మారిస్తె ఊకుంటరా?"

ఆమె సరే, మళ్లీ చేస్తానని ఫోను పెట్టేసింది. పెట్టేశాక ఒళ్లంతా మండింది. తనని వెర్రిదాన్ని చేశాడని నర్సింహ మీద కోపం. ఆ కోపం కాసేపే నిలిచింది, ఎందుకంటే తర్కం తెలిసిన మనిషి. బల్ల సొరుగులో లిట్మస్ కాగితాల పెట్టె ఎప్పుడూ ఉండేది. ఒక్క ముక్క ముంచితే నీలం రంగు చూపించి, మేడమ్, ఇది ఆమ్లం కాదు అని చెప్పేది. ఆ ఒక్క ముక్క తను ముంచలేదు. నర్సింహ ఎర్రటి ఎండల్లో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకొస్తుంటే, ఏం నర్సింహా హీరోవా అని ఒకసారి స్టాఫ్‌రూంలో అందరి ముందూ వేళాకోళం చేసింది. అతను నవ్వి ఊరుకున్నాడు. అది గుర్తొచ్చి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ఎలియాజరు ఏమైందని అడిగితే ఉల్లిపాయలని చెప్పింది. బల్ల మీద ఉల్లిపాయలు లేకపోయినా అతను ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం షాపుకి వెళ్లి బట్టలుతికే పౌడర్ల వరసలో బట్టల సోడా డబ్బా తెచ్చింది. నర్సింహ చెప్పిన కొలతకి కలిపింది. బుడగలు తెరలు తెరలుగా లేచాయి. ఆరు నిమిషాలకి సిరంజీలో నాలుగు మిల్లీలీటర్లు. అగ్గిపుల్ల పెడితే టప్ మని పేలింది. జెస్లిన్ కేక పెట్టింది, ఎలియాజరు చప్పట్లు కొట్టాడు. ఇక మంగళవారం దాకా హాయిగా నిద్రపోవచ్చు.

కానీ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంది. కంట్లో పడితే మంట పుడుతుంది, వెంటనే కడగాలి అని. సంతోషకుమారి ఆ డబ్బాని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. నర్సింహకి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి కోపం లేదు.

"నర్సింహా, పెన్సిళ్లు గుచ్చి చేశాను, బట్టల సోడా బాగా పనిచేసింది. కానీ పదేళ్ల పిల్లలు. కంట్లో చిందితే?"

"గదే మేడం మొదలు చూడాల్సింది," అన్నాడతను, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు. "ఏది కలిపినా చేతిల పడితె ఏమైతది, కంట్ల పడితె ఏమైతది, ముందుగాల గది చూడాలె. బుడగలు ఎన్నొస్తయో అటెన్క. ఇంటర్ పోరగాండ్లకు బట్టల సోడా సాలు. గింత పిల్లలకు తినే సోడానే మంచిది."

"అది పనిచెయ్యలేదయ్యా."

"ఎంతేసిన్రు?"

"చిటికెడు."

నర్సింహ నవ్వాపుకోవడానికి దగ్గినట్టు నటించాడు. "మేడం, కూరల వేసినట్టేస్తె ఎట్ల? కరిగినంత వెయ్యాలె. గోరువెచ్చని నీళ్లల్ల, అడుగుకు దిగేదాంక. పెన్సిల్లు దగ్గర దగ్గర పెట్టుండ్రి."

ఆ రెండు రోజులూ సంతోషకుమారి వంటింటిని ఎవరికీ ఇవ్వలేదు. ఆదివారం ఫెలోషిప్పు నుంచి వచ్చి చర్చి బట్టలు కూడా మార్చుకోకుండా మొదలుపెట్టింది. ఒక చెంచా, రెండు, మూడు. చల్లటి నీళ్లు, వెచ్చటి నీళ్లు. పెన్సిళ్లు ఎడంగా, దగ్గరగా, మొన పొట్టిగా, పొడుగ్గా. బుధవారం వేసిన చిటికెడుతో మొదలుపెట్టి ప్రతిదీ నోటుబుక్కులో రాసుకుంది. పదకొండోసారికి తొమ్మిది నిమిషాల్లో నాలుగు మిల్లీలీటర్లు వచ్చాయి. బట్టల సోడా కన్నా మూడు నిమిషాలు ఆలస్యం, కానీ పిల్ల వేలు ముంచి నాకినా ఉప్పగా ఉందని మొహం చిట్లిస్తుంది అంతే. చేతులకి సోడా పొడి తెల్లగా అంటుకుంది, గోళ్లలో పెన్సిలు నలుపు ఇరుక్కుంది. ఇంత సంతోషంగా ఆమె ఏ ల్యాబులోనూ లేదు.

మంగళవారం సైన్స్ సెంటర్‌లో ముగ్గురు కూర్చున్నారు. పెద్దావిడ పేరు హెదర్, నెరిసిన జుట్టు కత్తిరించుకుని ఉంది, అన్నీ నిదానంగా వింటుంది. మిగతా ఇద్దరూ కుర్రవాళ్లు. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, మనకి తెలుగులో చాలు.

సంతోషకుమారి ఎక్కడా తడబడలేదు. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలుపుతూ ఉప్పు ఎందుకు వద్దో, స్టీలు ఎందుకు వద్దో, ఆమ్లం ఎందుకు వద్దో చెప్పింది. మొగుడి పేరు చెప్పకుండా కల్లుప్పు కథ చెబితే కుర్రవాళ్లు పడీ పడీ నవ్వారు. కిటికీ తీసి ఉంచాలనీ, వచ్చిన వాయువుని ఇంతకన్నా ఎక్కువ పోగుచెయ్యకూడదనీ, అగ్గిపుల్ల పెద్దవాళ్లే గీయాలనీ చెప్పింది. తొమ్మిదో నిమిషంలో సిరంజీ ఎత్తి మంట దగ్గర పెట్టింది. టప్! కుర్రవాళ్లలో ఒకడు కుర్చీలోంచి లేచాడు.

"రెండో సిరంజీలో సరిగ్గా సగం ఉండాలి కదా? సగం కన్నా కొంచెం ఎక్కువుందేం?" అని అడిగింది హెదర్.

"అటువైపు సోడా నుంచి కొంత కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. పెన్సిలు గ్రాఫైట్ కూడా కొంచెం ఖర్చవుతుంది. బట్టల సోడా వాడితే లెక్క ఇంకా దగ్గరగా వస్తుంది. కానీ అది కంట్లో పడితే మంట. లెక్క సరిపోవడం కన్నా కళ్లు ముఖ్యం. ఎందుకు సరిపోలేదో పిల్లలకి చెబుదాం, అదీ పాఠమే."

హెదర్ తలూపుతూ ఏదో రాసుకుంది. తర్వాత సంతోషకుమారి రెజ్యూమే కాగితం తిప్పి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. కొత్తగా వచ్చినవాళ్లకి ఉద్యోగాలు వెతకడం నేర్పే క్లాసులో ఒకాయన దగ్గరుండి రాయించిన వాక్యం అది. ఇక్కడ అణకువ పనికిరాదమ్మా, అన్నీ నేనే చేశానని రాయాలి అన్నాడాయన. ఈమె రాసింది.

"పదిహేనేళ్లు ల్యాబు ద్రావణాలన్నీ స్వయంగా తయారుచేశారని రాశారు. అక్కడ ఈ ప్రయోగానికి ఏం వాడేవారు?"

ఒక్క మాటతో అయిపోయేది. సల్ఫ్యూరిక్ ఆమ్లం అంటే ఎవరూ కాదనేవారు కాదు. లోకంలో పుస్తకాలన్నీ ఆమె పక్షానే ఉన్నాయి.  నాలుగేళ్ల మఫిన్ల ట్రేలు సంతోషకుమారి కళ్ల ముందు తిరిగాయి.

"ఆ వాక్యం నిజం కాదు," అంది. "నేను పాఠం చెప్పేదాన్ని. ద్రావణాలు కలిపింది నర్సింహ అని మా ల్యాబ్ అటెండరు. నేను పదకొండేళ్లు ఆమ్లం అని చెప్పాను. అందులో ఉన్నది బట్టల సోడా. అతని చెయ్యి కాలింది, పిల్లలకి కాలకూడదని మార్చాడు. నాకు మొన్న శనివారం తెలిసింది. ఒక్క లిట్మస్ ముక్క ముంచి ఉంటే మొదటి రోజే తెలిసేది, నేను ముంచలేదు."

 కుర్రవాడొకడు బల్ల వైపు చూశాడు.

"మరి ఈ డబ్బాలో ఏముందో మీకు తెలుసని మేం ఎలా నమ్మాలి?" అంది హెదర్. మాట కటువుగా లేదు, కానీ నిజమైన ప్రశ్నే.

సంతోషకుమారి సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టింది. పదకొండు పేజీలు, సోడా మరకలతో. "ఇది నేను కలిపాను. ఓడిపోయినవి కూడా ఉన్నాయి, చూడండి. చేతిలో పడితే ఏమవుతుందో ముందు చూడాలి, బుడగలు తర్వాత అన్నది మాత్రం నాది కాదు. నర్సింహ మాట."

హెదర్ పేజీలన్నీ తిప్పింది. చిటికెడు అని రాసిన మొదటి పేజీ దగ్గర పెదవి కొరుక్కుంది. తర్వాత పెన్ను తీసి, నర్సింహ పేరు ఎలా రాయాలో ఒక్కో అక్షరం చెప్పమంది. సంతోషకుమారి చెప్పింది. మళ్లీ కబురు చేస్తామన్నారు.

ఇంటికొచ్చి మంచం మీద అడ్డంగా పడింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. అయినా చిత్రంగా, ఏడుపు రాలేదు. నేను చెప్పిన ప్రతి ముక్కా నిజమే, ఇక వాళ్ల ఇష్టం అంది ఎలియాజరుతో. అతను ఆమె నెత్తి మీద చెయ్యి వేసి ఒక చిన్న ప్రార్థన చేసి, పులిహోర కలిపాడు.

గురువారం మధ్యాహ్నం హెదరే ఫోన్ చేసింది. ఏప్రిల్ నుంచి రమ్మంది. శనివారాలు పది గంటలకి మొదటి బ్యాచు.

శనివారం ఉదయం సంతోషకుమారి ఖమ్మానికి ఫోన్ కలిపింది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. పేలిన సిరంజీ సంగతీ, రెజ్యూమేలో అబద్ధం సంగతీ, హెదర్ అతని పేరు కాగితం మీద రాసుకున్న సంగతీ. పిల్లలకిచ్చే కాగితంలో, చేతిలో పడితే ఏమవుతుందో ముందు చూడాలన్న ఆ మాట నర్సింహ పేరుతోనే అచ్చువేస్తారట అని చెప్పింది. నర్సింహ అంతా విన్నాడు. జీతమెంత అని అడగలేదు.

"అయినంక సామాన్లన్నీ ఎవరు కడిగిన్రు మేడం?" అని అడిగాడు.

"నేనే. అక్కడ పెట్టెయ్యండి, మేం చూసుకుంటాం అన్నారు. నాకే మనసొప్పలేదు."

 నర్సింహ గొంతు సవరించుకున్నాడు. "ఎట్ల కడిగిన్రు?"

"ఎట్ల ఏముంది, నీళ్లతో."

"గట్లయితె ఆరినంక తెల్లగ మచ్చలు పడ్తయి. సోడా ఊకె ఇడువది. ఆఖరుకు జెరంత వెనిగర్ నీళ్లతోటి..."

"ఒక్క నిమిషం ఆగండి నర్సింహగారూ, రాసుకుంటాను," అంటూ ఆమె నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది.

"నన్ను గారు అంటున్నరేంది మేడం?" అన్నాడు నర్సింహ.

"అది తర్వాత మాట్లాడుకుందాం," అంది సంతోషకుమారి. "ముందు చెప్పండి, వెనిగర్ ఎన్ని చెంచాలు?"